బచులీ మెట్టు మీద తులిప్‌లు

చిన్న కథ. పొయ్యి మీద పెట్టిన టీ పొంగేలోపు అయిపోతుంది. పానకాలు అనే శిష్యుడు అడిగిన ప్రశ్నకు మా అయ్యగారు ఎలా జవాబు చెప్పారన్నదే కథ. అయితే అయ్యగారు జవాబు చెప్పే పద్ధతి తెలియకపోతే ఇది అర్థం కాదు కాబట్టి ముందు రాజ్మా గింజల సంగతి చెప్పాలి. రాజ్మా గింజల సంగతి చెప్పాలంటే ఆశ్రమం సంగతి చెప్పాలి. టీ కొంచెం సన్నటి మంట మీద పెట్టుకోండి.

అయ్యగారి పేరు నిరంజనయ్య. ఒంగోలు పక్క పల్లెనుంచి నలభై ఏళ్ళ కిందట హిమాలయాల్లోని కుమావూఁ కొండల్లోకి వచ్చి ఉండిపోయారు. ఆశ్రమం అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు గదులు, ఒక రేకుల వంటిల్లు, కింద ఊరికి దిగే రాతిబాట, అంతే. అప్పట్లో అయ్యగారు కాక ఆరుగురం ఉండేవాళ్ళం, అందరం తెలుగువాళ్ళమే. లోకాన్ని వదిలేసి మనశ్శాంతి కోసం వచ్చామని చెప్పుకునేవాళ్ళం. ఎండు గోంగూర పొట్లం ఎవరి పెట్టెలో దొరికిందన్న విషయం మీద మాలో ఇద్దరు ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. దాన్ని మౌనవ్రతమని చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకు చెప్పేవాళ్ళం.

అయ్యగారు వాదించరు. ఎవరేం అడిగినా "చూద్దాం" అంటారు. తర్వాత ఏదో ఒకటి జరుగుతుంది. అదే జవాబు. ఒకసారి ఏలూరునుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ఓర్పు అంటే ఏమిటి స్వామీ అని అడిగాడు. అయ్యగారు ఆయన చేతిలో శేరు రాజ్మా గింజలు పోసి, కుక్కరు లేకుండా ఉడకబెట్టి తెమ్మన్నారు. మా ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి, గింజలు మాత్రం ఉడకవు. ఆయన మూడు రోజులు పొయ్యి ముందు కూర్చుని, నాలుగో రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ గింజలు మేం తిన్నాం. అప్పటికీ గట్టిగానే ఉన్నాయి. గింజలు ఆశ్రమానివి, కట్టెలు ఆశ్రమానివి, కష్టం అడిగినవాడిది. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

ఇక పానకాలు. మంగళగిరి మనిషి. ముప్ఫై ఏళ్ళు సర్వే శాఖలో గొలుసు పట్టి పొలాలు కొలిచి వచ్చాడు. నేల మీద గీత కనపడకపోతే ఆయనకు అన్నం సహించదు. ఆశ్రమానికి వచ్చిన వారంలోనే గుమ్మం ముందు ఎవరి చెప్పులు ఎక్కడ విప్పాలో సున్నంతో గడులు గీశాడు. అయ్యగారి చెప్పులకు కూడా ఒక గడి ఇచ్చాడు, కొంచెం పెద్దది.

ఆయనకు పడనిది ఒక్కటే, బచులీ గొంతు. బచులీ కింది ఇంట్లో ఉండే కొండమనిషి. మొగుడు మైదానంలో లారీ నడుపుతాడు, ఏడాదికి ఒకసారి ఇంటి ముఖం చూస్తాడు. ఇంట్లో తను, మంచం పట్టిన అత్త, ఒక గేదె. రోజూ పొద్దున్నే ఆశ్రమానికి పాలు తెచ్చేది. ఇరవై ఏళ్ళుగా మా వంటింటి గుమ్మంలో నిలబడి తెలుగు నేర్చుకుంది. ముందు తిట్లు వచ్చాయి, తర్వాత కూరల పేర్లు వచ్చాయి, 'మీరు' అనడం ఇంకా రాలేదు. దేవుణ్ణీ గేదెనీ అయ్యగారినీ ఒకే 'నువ్వు'తో పలకరించేది. సరిగ్గా మేం కళ్ళు మూసుకున్న వేళకే కింది మలుపు దగ్గర "పాలూ!" అన్న కేక వినిపించేది. పానకాలు ఒక్కసారిగా కళ్ళు తెరిచి, మేమంతా కళ్ళు మూసుకునే ఉన్నామా లేదా అని చూసేవాడు. మూసుకునే ఉన్నవాళ్ళకు ఈ సంగతి ఎలా తెలిసిందని అడగవద్దు.

ఆశ్రమం గోడ కింద బచులీ పొలం ఉంది. కొండను మెట్లు మెట్లుగా చెక్కి చేసిన పొలాల్లో అదొక మెట్టు. పొడుగ్గా, సన్నగా, రోజంతా ఎండ పడేలా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు నాగలి దిగుతుంది. గోధుమ కోసి చోళ్ళు, చోళ్ళు కోసి గోధుమ. మార్చి నెలలో ఆ గోధుమ పైరు మధ్య ఎవరూ నాటని పూలు లేస్తాయి. జానెడు కాడ, ఒక్క పువ్వు. చలి వదలని పొద్దుటి పూట ముడుచుకుని, వెలుపల గులాబీ రంగు చారతో ఉంటుంది. ఎండ తగిలితే ఆరు రేకులూ విప్పి తెల్లటి చుక్కలా అవుతుంది. మబ్బు పడితే మళ్ళీ మూసుకుంటుంది. తోటల్లో పెంచి జనానికి చూపించే తులిప్‌లకు ఇది కొండ చుట్టం. అయ్యగారు దాన్ని తులిప్ అనే అనేవారు. బచులీ కలుపు అనేది. "మనిషి తినడు, గేదె మేయదు. మరి పువ్వెందుకు?" అని అడిగేది. 

ఒక మార్చి ఉదయం పానకాలు గోడ మీదనుంచి ఆ పూలను చూపించి అడిగాడు. "అయ్యగారూ, ఇంత నిర్మలమైన పువ్వు. ఏటా రెండుసార్లు దాని నెత్తి మీద నాగలి నడుస్తోంది. మంచిదాన్ని లోకం తొక్కిడికి అందకుండా కాపాడుకోవాలా, లోకానికే వదిలెయ్యాలా?"

ప్రశ్న పువ్వు గురించే కాదని మాకందరికీ తెలుసు. ధ్యానం గదికీ బచులీ పాలు తెచ్చే బాటకీ మధ్య ఒక గోడ కట్టించాలని ఆయన అప్పటికే కొలతలు తీసి పెట్టుకున్నాడు.

"నీకేం తోస్తోంది?" అన్నారు అయ్యగారు.

"కంచె వేస్తే మంచిదని."

"వెయ్యి. మూడు వసంతాలు చూద్దాం."

వెయ్యడానికి అడ్డు కూడా లేదు. ఆ మెట్టు కాగితం మీద ఆశ్రమానిది. బచులీ మామగారు పోయేముందు అయ్యగారి పేర రాసిచ్చాడు. తన ఇంటివాళ్ళు ఎప్పటిలాగే దున్నుకు తినాలని మాట తీసుకున్నాడు. మాట అందరూ విన్నారు, కాగితం మీద మాత్రం లేదు. గోధుమ కోత అయ్యేదాకా ఆగి, పానకాలు తాడుతో కొలిచి, దేవదారు గుంజలు పాతి, ముళ్ళతీగ చుట్టాడు. అంత నిటారైన కంచె మా కొండ మీద అంతకుముందు లేదు. బచులీ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నావు, గీతల బాబూ?"

"పూలకు రక్షణ, బచులమ్మా. ఇక ఇక్కడ నాగలి దిగదు."

"నాగలి దిగకపోతే రొట్టె ఎక్కడనుంచి దిగుతుంది? నీ ధ్యానంలోంచా?"

"దీనికి బదులు పై మెట్టు నీకిచ్చారుగా అయ్యగారు. పేచీ ఏముంది?"

"పై మెట్టా? అక్కడ ఎండ వచ్చి కూర్చునేలోపు పొద్దు గుంకుతుంది. మా మామ తాత కాలంనుంచీ అక్కడ రాళ్ళు తప్ప ఏదీ పెరగలేదు. అంత మంచిదైతే నువ్వు వెళ్ళి మొలువు."

మోపు అక్కడే పడేసి నేరుగా అయ్యగారి ముందుకు వచ్చింది. "బాబా, నువ్వే చెప్పావా?"

"నేనే చెప్పాను బచులీ. మూడేళ్ళు ఓర్చుకో."

"నేనెందుకు ఓర్చుకోవాలి? నేను నిన్నేమీ అడగలేదే!"

మేం నవ్వాం. భలే మాట్లాడింది అనుకున్నాం. అది నవ్వే మాట కాదని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. తక్కిన ఐదుగురికి ఎంత పట్టిందో వాళ్ళే చెప్పాలి.

మొదటి వసంతం పానకాలుది. పైరు లేదు కాబట్టి పూలన్నీ బయటపడ్డాయి. ఎండ రాగానే ఆ మెట్టంతా తెల్లగా విచ్చుకునేది. దారిన పోయే యాత్రికులు ఆగి ఫొటోలు తీసుకున్నారు. పానకాలు ఒక పలక రాసి కంచెకు కట్టాడు. "ఈ పూలు మౌనంగా ఉన్నాయి. మీరూ ఉండండి." దాని పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకు రోజూ గంటసేపు మౌనం గురించి చెప్పేవాడు.  పై మెట్టు మీద బచులీ గోధుమ ఆ ఏడు జానెడు లేచి, అక్కడే పండిపోయింది. ఆమె కొడవలితో కొయ్యలేదు, కూర్చుని చేత్తో పీకింది.

రెండో వసంతానికి మెట్టు నిండా గడ్డి. గడ్డి మధ్య ముళ్ళపొదలు. పూలు అక్కడొకటి ఇక్కడొకటి, చాలావాటికి ఒంటి ఆకు తప్ప మొగ్గే లేదు. "అవి తపస్సులో ఉన్నాయి," అన్నాడు పానకాలు. బచులీకి గోధుమ లేదు కాబట్టి గోధుమ గడ్డి లేదు. గడ్డి లేదు కాబట్టి ఆ చలికాలమే గేదె ఎముకల గూడైంది. వేసవి రాకముందే కింది పట్నంనుంచి మనుషులు వచ్చి దాన్ని తోలుకుపోయారు. అది మలుపు దగ్గర కాళ్ళు తన్ని నిలబడింది. బచులీయే వెనకనుంచి తోసింది. తిట్టలేదు. ఇరవై ఏళ్ళలో ఆమె తిట్టకుండా ఒక పని చెయ్యడం నేను చూడటం అదే మొదలు.

మర్నాటి ధ్యానంలో "పాలూ!" అన్న కేక రాలేదు. నిశ్శబ్దం ఎంత బాగుందంటే, ఆరుగురమూ కళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ రోజునుంచి పాలపొడి టీ. ఆశ్రమంలో అంత ఆగ్రహం నేనెన్నడూ ఎరుగను. పొడి ఉండలు కడుతోందని ఒకరు, సున్నం వాసన వస్తోందని ఒకరు, ఈ వయసులో ఇదేం ఖర్మ అని ఒకరు. ఆ మెట్టు ఆమెకు తిరిగి ఇచ్చెయ్యండి అని అయ్యగారితో అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అందులో నేను కూడా ఉన్నాను, కాబట్టి ఈ వాక్యం త్వరగా దాటేస్తున్నాను.

"బచులీ రావడం లేదేం?" అని అయ్యగారు అడిగారు. గేదె సంగతి చెప్పాం. ఆయన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టారు. తర్వాత, "ఇంకొక్క వసంతమే కదా," అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నాకు వొళ్ళు మండేది ఆ మాటకే. అప్పుడు మాత్రం అందులో ఎంతో లోతుందని మాలో ఒకాయన తన కాపీ పుస్తకంలో రాసుకున్నాడు.

మూడో మార్చిలో ఒక్క పువ్వూ లేవలేదు. ఆకు కూడా లేదు. పానకాలు నాలుగు రోజులు కంచె చుట్టూ తిరిగి, ఐదో రోజు పలుగు తీసుకుని లోపలికి దూరాడు. గడ్డి పక్కకు తోస్తే నేలంతా గుంటలు. గుంటల చుట్టూ ఉల్లిపొరలాంటి ఎండు పొరలు, దుంప ఒక్కటీ లేదు. ముళ్ళపొద కింద పెద్ద బొరియ, దాని నోట్లో నలుపూ తెలుపూ చారల ముల్లు, మూరెడు పొడుగు. ముళ్ళపందులు. ఒకటి కాదు, సంసారం. మనిషి రాడు, నాగలి రాదు, కుక్క దూరదు, చుట్టూ ముళ్ళతీగ, కింద తియ్యటి దుంపలు. మూడేళ్ళు ఆశ్రమం కంచె వేసి కాపాడింది వాటిని.

ఆ సాయంత్రం అయ్యగారు అందరినీ కూర్చోబెట్టారు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం అరుదు. "నాగలి కర్రు తల్లిదుంపకు పైన ఉన్న పిల్లదుంపల్ని విడగొట్టి చాలు పొడుగునా చల్లుతుంది. గడ్డిని తిరగేస్తుంది. తల్లిదుంప కర్రుకు అందనంత లోతులో ఉంటుంది. ఆ పువ్వు ఇన్నేళ్ళు అక్కడ ఉన్నది నాగలి వల్లే. ఈ సంగతి నాకు ఒక ముసలి కొండవాడు చెప్పాడు. పానకాలు తన కళ్ళతో చూస్తాడని ఊరుకున్నాను."

పానకాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని కాళ్ళ మీద పడ్డాడు. "అర్థమైంది అయ్యగారూ. తొక్కిడి అనుకున్నదే దాని ప్రాణం. గోడ కట్టించను."  కాపీ ఆయన కలం మూత తీశాడు. మామూలుగా అయితే కథ ఇక్కడ అయిపోవాలి.

గుమ్మంలో బచులీ ఉంది. ఆశ్రమం పాలక్యాను తన దగ్గర ఉండిపోతే తిరిగి ఇవ్వడానికి వచ్చిందట. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు.

"బాబా," అంది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఏది తెలుసు? పువ్వు పోతుందని తెలుసా, నా గేదె పోతుందని కూడా తెలుసా?"

జవాబు కోసం ఆగకుండా బచులీ పానకాలు వైపు చెయ్యి చూపించింది.

"పానకాలు అడిగాడు, నువ్వు చెప్పావు. మంచిదే. ఇతనికి బుద్ధి చెప్పాలంటే ఇతని పొలంలో చెప్పు! మంగళగిరిలో నేల లేదా? నా మెట్టు ఎందుకు కావలసి వచ్చింది?"

"బచులమ్మా," అని పానకాలు లేచాడు, "అయ్యగారితో అలా..."

"నువ్వు కూర్చో. నీ పాఠం అయిపోయింది." మళ్ళీ అయ్యగారి వైపు తిరిగింది. "ముళ్ళపంది వస్తుందని తెలుసా?"

"తెలియదు."

"నన్నడిగితే మొదటి రోజే చెప్పేదాన్ని. దున్నని నేలలో ముళ్ళపంది కాపురం పెడుతుందని ఈ కొండ మీద ఎవరిని అడిగినా చెప్తారు. మూడేళ్ళలో ఒక్కరోజు ఒక్కరు అడగలేదు. అంతా కూర్చుని ఒకరినొకరు అడుక్కుంటారు."

క్యాను గుమ్మంలో పెట్టి, కదలకుండా నిలబడింది. మేం అయ్యగారి వైపు చూశాం. ఇప్పుడేదో గొప్ప మాట వస్తుందని మా ఆశ. కాపీ ఆయన కలం కాగితం మీద ఆనించి సిద్ధంగా ఉన్నాడు.

అయ్యగారు లేచి, బచులీకి రెండు చేతులూ జోడించారు.  మర్నాడు పొద్దున వంటింటి చూరులో ఉన్న కొడవలి తీసుకుని కిందికి దిగి, గడ్డి కొయ్యడం మొదలుపెట్టారు. ఆయనకప్పుడు డెబ్బై నాలుగేళ్ళు.

తర్వాత జరిగింది ఇది. కంచె పీకేశారు. పొదలు కొట్టి, బొరియలు పూడ్చడానికి నెలన్నర పట్టింది. మెట్టు కాగితం బచులీ పేరుకు మారింది. మాట కూడా ఈసారి కాగితం మీదికి ఎక్కింది. సాయంత్రాలు అయ్యగారిని ప్రశ్నలు అడిగే అలవాటు ఎత్తేశారు. జవాబులు దొరకని చోట ఉండటం దేనికని మాలో ముగ్గురు వెళ్ళిపోయారు, వాళ్ళలో కాపీ ఆయన ఒకడు. చోళ్ళు చల్లేముందు నాగలి దిగింది, గోధుమ చల్లేముందు మళ్ళీ దిగింది. పానకాలు పేడగంప మోశాడు. మొదట్లో ముక్కు పక్కకు తిప్పుకునేవాడు, తర్వాత అటూ ఇటూ తిప్పడం మానేశాడు. ఆ గోధుమ నడుమెత్తు లేచింది. గేదె తిరిగి రాలేదు. పాలపొడి టీయే తాగుతున్నాం.

నాగలి దిగింది కాబట్టి పూలు తిరిగి వస్తాయని ఊరంతా అనుకుంది. పానకాలు మరీ అనుకున్నాడు. ఆ మార్చిలో రాలేదు. పై మార్చిలో రాలేదు. దుంప ఒక్కటైనా మిగిలితే కదా. ఇప్పటికీ ఆ మెట్టు మీద తులిప్ లేదు, గోధుమ ఉంది.

రెండో మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం అయ్యగారు అక్కడ వంగి రాళ్ళు ఏరుతున్నారు. పక్కన గంప పట్టుకుని పానకాలు నిలబడి ఉన్నాడు. చాలాసేపు పైరు సందుల్లో వెతికి, ఇక ఆగలేక అడిగేశాడు.

"అయ్యగారూ, తప్పు దిద్దుకున్నాం. చెప్పినవన్నీ చేశాం. అయినా పువ్వు రాలేదు. దీన్ని ఏ దృష్టాంతంగా తీసుకోవాలి?"

"దృష్టాంతం అనుకునే కదయ్యా ఇన్నాళ్ళూ చూశాం," అన్నారు అయ్యగారు, నడుం ఎత్తకుండానే. "ఇది పొలం. ఆ రాయి అవతల వెయ్యి."